కూర్చున్న భాగం

లోకేశ్వరి లెక్క లాభంతో మొదలయింది.

చిత్తూరు మామిడి మండీలో కాయలు ఎంచేటప్పుడు ఒకటి అని ఎవరూ అనరు. మొదటి విసురుకు లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. ఒక విసురుకు ఐదు కాయలు. కుడిచేతిలో మూడు, ఎడమచేతిలో రెండు. ఇరవై విసుర్లకు నూరు. లోకేశ్వరి ఐరాల బడిలో ఏడో తరగతి సగంలో ఉండగా తల్లి చనిపోయింది. తల్లికి అక్క అయిన అక్కమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని మండీకి వచ్చి కాయల గుట్ట ముందు కూర్చోబెట్టింది.

"లాభం అను."

"లాభం."

"నోటితో అంటే చాలదు. చెయ్యి గూడా అనాల."

సాయంత్రానికి చెయ్యి కూడా అన్నది. నెల తిరిగేసరికి ఎంచకుండానే గుట్టను చూసి చెప్పడం వచ్చింది. వ్యాపారులు ఎంచి చూస్తే వెయ్యికి పది తేడా ఉండేది. ఒక వ్యాపారి పందెం కాసి ఓడిపోయాడు. పందెం డబ్బు ఇవ్వలేదు. సగం కుళ్ళిన కాయ ఒకటి చేతిలో పెట్టి నవ్వాడు. పిల్ల కుళ్ళిన వైపు కోసి పారేసి, తక్కింది తిన్నది.

ఇప్పుడామెకు నలభై ఒకటి. చిత్తూరు నుంచి ఐరాలకు పోయే దారిలో ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీలో కాయ కోస్తుంది. ఎండాకాలం చివర మామిడి, ఆ తర్వాత జామ, టమేటా. ఏడాదికి రెండు వందల రోజుల పని. రోజుకు నాలుగు వందల ఇరవై. ఫోర్ ట్వంటీ కూలి అని ఆడవాళ్ళే నవ్వుకుంటారు. కూలి మూడేళ్ళుగా పెరగలేదు. నవ్వు తగ్గింది.

అక్కడ పని గుంపుల లెక్కన సాగుతుంది. గుంపుకు ముప్పై మంది, గుంపుకొక మేస్త్రీ. మొత్తం ఇరవై గుంపులు. రోజుకు ఒక్కో గుంపు పద్దెనిమిది వందల క్రేట్ల కాయ కోసి బెల్టు మీద వెయ్యాలి. ఎవరు ఎన్ని కోశారని ఫ్యాక్టరీ అడగదు. శనివారం ముప్పై మంది కూలి మేస్త్రీ చేతికి వస్తుంది. గుంపు సమంగా పంచుకుంటుంది. మునిరత్నం మేస్త్రీ గుంపులో పంచే లెక్క లోకేశ్వరిది. కాగితం మీద పేర్లు, పేర్ల ఎదుట మొత్తం. ఇన్నేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

గుంపులకు మండీ కాలం నాటి పద్ధతి ఒకటి ఉంది. కత్తి పట్టి పట్టి ముసలైన మనిషిని, వేళ్ళు పోయిన మనిషిని గుంపు వదలదు. ఒక పక్కన పీట వేసి కూర్చోబెడుతుంది. ఆ మనిషి కత్తులు నూరుతుంది, తొడిమెలు ఏరుతుంది, చేతకాని రోజు ఊరికే కూర్చుంటుంది. భాగం మాత్రం అందరితో సమానం. దాన్ని కూర్చున్న భాగం అంటారు. ఆ మనిషి కోయవలసిన క్రేట్లు తక్కినవాళ్ళు కోస్తారు. తామూ ఒకనాటికి ఆ పీట మీద కూర్చోవలసినవాళ్ళేనని వాళ్ళకు తెలుసు.

మునిరత్నం గుంపులో పీట అక్కమ్మది. నలభై ఏళ్ళు మామిడి సొన తాగిన చేతులు. కుడిచేతి మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. రెండు వేళ్ళతో కత్తి నూరేది.

నిరుడు జూన్‌లో మాట మొదలయింది. మొదలుపెట్టింది రూపశ్రీ. చిత్తూరులో డిగ్రీ రెండేళ్ళు చదివి ఆపేసిన పిల్ల. గుంపులో అందరికన్నా చిన్నది, చెయ్యి చురుకు.

"అక్కా, మీ పెద్దమ్మ పీట వల్ల తలకు రెండు క్రేట్లు ఎక్కువ పడతాండాయి. రెండు క్రేట్లంటే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మా బస్సు పోతాంది."

"ఇంగో బస్సు ఉండాది కదే."

"గంటకు ఉండాది. గంట సేపు రోడ్డు మీద నిలబడేది నేను, ఆమె కాదు."

లోకేశ్వరి మేస్త్రీ వైపు చూసింది. మునిరత్నం తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"సీజను అయిపోనీ. సూస్తాం."

ఆ సూస్తాం అనే మాటకు అర్థం ఏమిటో ఇరవై ఎనిమిది మందికి తెలుసు. కత్తి నూరుతున్న అక్కమ్మకూ తెలుసు. ఆ రోజు నుంచి లోకేశ్వరికి వేరే ధ్యాస లేదు. పీట నిలవాలంటే గుంపు విసుగు తగ్గాలి. గుంపు విసుగు తగ్గాలంటే కూలి పెరగాలి. చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ పడితే ఎవరూ బస్సు గురించి మాట్లాడరు. కూలి పెంచేదానికి దారి ఏదని చూస్తూ ఉండింది.

దారి క్యాంటీన్‌లో దొరికింది, బోండాల కింద.

కంపెనీ ఏటా అచ్చువేసే లెక్కల పుస్తకాలు ఆఫీసులో మిగిలిపోతే క్యాంటీన్‌కు ఇచ్చేవాళ్ళు. నున్నటి కాగితం. నూనె పీల్చదు గానీ బోండా పెట్టడానికి పనికొస్తుంది. ఆ రోజు లోకేశ్వరికి వచ్చిన కాగితం నిండా అంకెలున్నాయి. ఒకచోట సున్నాలు చాలా ఉన్నాయి. రూపశ్రీకి చూపించింది.

రూపశ్రీ వేలితో నూనె తుడిచి చదివింది. "నాలుగు కోట్ల ఇరవై లక్షలు. ఏడాదికి."

"కంపెనీకి మిగిలిందా?"

"కాదక్కా. జీతం. మన ఎం.డి. జీతం."

లోకేశ్వరి బోండా నమిలి మింగింది. "ఐదు వందలు," అంది.

"ఏంది ఐదు వందలు?"

"మనం ఏడాదికి తెచ్చేది ఎనభై నాలుగు వేలు. అట్లాంటోళ్ళు ఐదొందల మంది. ఆయప్ప ఒక్కడూ ఐదొందల మంది."

పక్కన కూర్చున్న అక్కమ్మ నోరు తెరిచింది. "ఐదొందల మంది తినేది ఒక్కడు యాడ తింటాడే? కడుపు పగలదా?"

"తినడు పెద్దమ్మా. పెట్టుకుంటాడు."

"యాడ పెట్టుకుంటాడు?"

"అది కాయితంలో లేదు."

మధ్యాహ్నం పని జరుగుతున్నంత సేపూ లోకేశ్వరి పెదవులు కదులుతూనే ఉన్నాయి. కత్తి ఆగలేదు. సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు చెప్పింది. ఆయన జీతం మొత్తం అడగొద్దు. సగం అడుగుదాం. సగం పోయినా ఆయనకు రెండు కోట్ల పది లక్షలు మిగులుతుంది. ఆ సగం ఈ ఫ్యాక్టరీలో ఆరు వందల మందికి పంచితే తలకు ముప్పై ఐదు వేలు. రోజుకు నూట డెబ్బై ఐదు. కూలి ఐదు వందల తొంభై ఐదు అవుతుంది.

ఐదు వందల తొంభై ఐదు. ఆ అంకె ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు పోయింది. మూడు రోజుల్లో ఇరవై గుంపులకూ తెలిసింది. ఆడవాళ్ళు దాన్ని మెల్లగా, ఊరి పేరులాగా పలికారు. నాలుగో రోజు పది గంటలకు ఆరు వందల మంది కత్తులు కింద పెట్టారు.

మేనేజర్ భానుచందర్ కిందికి దిగి వచ్చాడు. సన్నటి మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. వెనకాల క్యాంటీన్ వాళ్ళు టీ డబ్బాలు మోసుకొచ్చారు.

"ముందు టీ తాగండి. లెక్క చెప్పింది ఎవరమ్మా?"

లోకేశ్వరి ముందుకు వచ్చింది.

"నాకు లెక్కలు వచ్చినవాళ్ళంటే గౌరవం. మా సార్ జీతంలో సగం. తప్పేం లేదు. అడగొచ్చు. ఒక్క మాట. ఈ ఆరు వందల మందేనా మనుషులు? కంపెనీకి ఏడు ఫ్యాక్టరీలు. పన్నెండు వేల మంది. వాళ్ళకు వద్దా?"

"వాళ్ళకూ కావాల సార్."

"అయితే భాగించండి."

అతను మాట ముగించకముందే ఆమెకు జవాబు వచ్చేసింది. "పదిహేడు వందల యాభై. ఏడాదికి."

"రోజుకు?"

ఆమె వెనక నిలబడ్డ గుంపుల వైపు చూసింది.

"రోజుకు ఎంతమ్మా? గట్టిగా చెప్పండి. వెనక వాళ్ళకు వినపడాలి."

అబద్ధం చెప్పి ఉండవచ్చు. తెలియదని ఉండవచ్చు. సరైన జవాబు నోటి దాకా వచ్చాక మింగడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఎనిమిది రూపాయల డెబ్బై ఐదు పైసలు."

"క్యాంటీన్‌లో టీ ఎంత?"

"పది," అన్నాడు క్రేట్లు మోసే మనిషి ఎవరో.

"రూపాయి పావలా తక్కువైంది. పర్వాలేదు, అది నేను వేసుకుంటాను. తాగండి."

ముందు క్రేట్లు మోసేవాళ్ళు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు. మునిరత్నం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అక్కమ్మ ఒక్కతే నవ్వలేదు, ఆమెకు వినపడలేదు. టీలు అయిపోయాక అందరూ కత్తులు తీసుకున్నారు. ఆ రోజు నుంచి లోకేశ్వరికి పేరు పడింది. ముప్పావలా అక్క.

"ముప్పావలా అక్కా, జరుగు."

"ముప్పావలా అక్కా, ఈ క్రేట్ల జీతం ఎంత?"

ఆమె జరిగేది. బస్సులో అక్కమ్మతో అంది: "ఆ కాయితం రెండో పక్క ఇంగా పదకొండు మంది పేర్లు ఉన్నాయి పెద్దమ్మా, సున్నాలతో. వాళ్ళని కలపలేదు నేను."

"కలిపింటే ఏమయ్యేది?"

"టీతో పాటు బోండా వచ్చేది."

పదిరోజుల తర్వాత భానుచందర్ మళ్ళీ దిగి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం ఉంది. ఎం.డి. గారి దాకా విషయం వెళ్ళింది. వారి మనసు కదిలింది. తన జీతంలో పదో వంతు, నలభై రెండు లక్షలు, ఈ ఒక్క ఫ్యాక్టరీ కార్మికులకు పంచమన్నారు. ఒక్కసారికి. పేపర్ వాళ్ళు వస్తారు. ఎవరికి పంచాలో ఆఫీసు చెప్పదు. కార్మికులే పేర్లు రాసి, సంతకాలు పెట్టి ఇవ్వాలి.

"మీ లెక్కలావిడ ఉందిగా. ఆమే రాస్తుంది. మొత్తం మాత్రం మారదు. నలభై రెండు లక్షలు."

"తలకు ఏడు వేలు," అంది లోకేశ్వరి.

భానుచందర్ కాగితం మడిచాడు. "ఏడు వేలు. బాగుంది. పది వేలైతే ఇంకా బాగుండేది. చెక్కు మీద పది వేలు అని ఉంటే ఫోటోలో నిండుగా ఉంటుంది."

"పది వేలంటే నాలుగొందల ఇరవై మందికే వస్తాది సార్."

"అవునా? నాకు లెక్కలు రావు."

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పది వేలు కిందనే ఉండిపోయింది. ఏడు వేలు అప్పటికే పాతబడింది. మూడు వేలు ఎవరో ఎత్తుకుపోయినట్టు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి మేస్త్రీలు మాట్లాడుకున్నారు. గుంపుకు తొమ్మిది పేర్లు తీస్తే సరిపోతుంది. ఇరవై గుంపులు, నూట ఎనభై పేర్లు.

మరునాడు అన్నాలు తిన్నాక మునిరత్నం గుంపు షెడ్డులో కూర్చుంది. లోకేశ్వరి ఒళ్ళో ముప్పై పేర్ల కాగితం. గుడియాత్తం వైపు నుంచి వచ్చే ఇద్దరు తమ ఊళ్ళో కోతలని వెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళను కొట్టేశారు. ఏడో నెల గర్భిణి ఒకతె, ఎట్లాగూ వచ్చే నెల మానేస్తుంది. ఆ జూన్‌లోనే చేరినవాళ్ళు ముగ్గురు. మొగుడికి అంగడి ఉన్నది ఒకతె. ఆ రోజు జ్వరమని పనికి రానిది ఒకతె. కొట్టేసిన ప్రతి పేరుకూ మునిరత్నం మండీ అలవాటున వేలు మడిచాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఇంగొకటి."

అక్కమ్మ వైపు ఎవరూ చూడలేదు. అందరూ లోకేశ్వరిని చూశారు.

ఆమె లెక్క వేసుకుంది. అక్కమ్మ పేరు ఉంచితే కత్తి పట్టే మనిషి ఎవరో ఒకరు పోవాలి. పోయిన మనిషి, ఆ మనిషి పక్కవాళ్ళు, సీజను అయ్యాక పీట ఎత్తేస్తారు. అక్కమ్మ పేరు తీస్తే ఒక్క డబ్బు తప్ప ఏమీ పోదు. ఆ డబ్బు తన పది వేలలో సగం ఇవ్వవచ్చు. అక్కమ్మకు ఐదు వేలు, తనకు ఐదు వేలు. ఈ కొట్టివేతకు బదులు పీటను అడగవచ్చు.

"ఈ పేరు కొడతా," అంది. "కొడితే కూర్చున్న భాగం మీద ఇంగ ఎవురూ మాట్లాడకూడదు. వచ్చే సీజను గూడా. ఒట్టెయ్యండి."

"ఒట్టు," అన్నాడు మునిరత్నం.

"బస్సు పోయినా మాట్లాడనక్కా," అంది రూపశ్రీ.

తక్కినవాళ్ళు తలలూపారు. లోకేశ్వరి పీట దగ్గరికి పోయి అక్కమ్మ చెవిలో గట్టిగా చెప్పింది. అక్కమ్మ నూరుతున్న కత్తిని వెలుతురుకు పెట్టి చూసింది.

"కొట్టెయ్. పేరు పోతే ఏమి, పీట ఉండాది కదా."

లోకేశ్వరి ఆ కత్తినే తీసుకుని స్కేలులాగా కాగితం మీద ఆనించి పెన్నుతో గీత గీసింది. గీత వంకర లేకుండా వచ్చింది.

"తొమ్మిది," అన్నాడు మునిరత్నం.

ఇరవై గుంపుల కాగితాలనూ ఆమే ఒక పట్టీగా రాసింది. నాలుగు వందల ఇరవై పేర్లు. కింద మేస్త్రీల సంతకాలు. అట్ట మీద పెద్ద చెక్కు రాసి తెచ్చారు. ఎం.డి. రాలేదు. ఫోటోలో లోకేశ్వరిని మధ్యలో నిలబెట్టారు. కార్మికులందరికీ జీతం పంచిన యజమాని అని పేపర్లో వచ్చింది. ఆమె పది వేలు తీసుకుని ఐదు వేలు అక్కమ్మకు ఇచ్చింది. అక్కమ్మ ఆ ఆదివారం ఐరాలలో వడ్రంగి దగ్గర కొత్త పీట కొన్నది. పనస చెక్క, ఆరు వందలు. పాతదాని కాలు ఒకటి ఊగేది.

సోమవారం గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చేతిలో టైపు చేసిన పట్టీ ఉంది.

"పేరు లేదవ్వా."

అక్కమ్మ పీటను చంకలో ఇంకో పక్కకు మార్చుకుంది. "పేరు లేదప్పా. అది డబ్బులకి. నేను పీటకి వచ్చినా."

"ఈ కాయితంలో ఉన్నోళ్ళే లోపలికి. జరుగు."

ఎనిమిది దాటేసరికి గేటు బయట చాలామంది పోగయ్యారు. జ్వరం తగ్గి వచ్చినామె ఉంది. గర్భిణి గోడకు ఆనుకుని నిలబడింది. లోకేశ్వరి మెట్లెక్కి భానుచందర్ గదికి పోయింది.

"అవి డబ్బు పంచేదానికి రాసిన పేర్లు సార్."

"అవును. కార్మికులందరికీ పంచాం. పేపర్లోనూ అందరికీ అనే వచ్చింది. బయట ఇంకా నూట ఎనభై మంది ఉన్నారంటే, అందరికీ పంచనట్టేగా? మా సార్ అబద్ధం చెప్పినట్టేగా?"

"వాళ్ళు పనోళ్ళే సార్. మీకు తెలుసు."

"నాకెట్లా తెలుస్తుందమ్మా? కార్మికులు ఎవరో మీరే రాసిచ్చారు. మేం ఎవర్నీ తియ్యలేదు." అతను పట్టీని తీసి ఆమె వైపు తిప్పాడు. "ఇది ఎవరి రాత?"

"నాది సార్."

"బాగుంది రాత."

"క్రేట్లు?"

"గుంపుకు పద్దెనిమిది వందలు. అదేం మారలేదు."

నూట ఎనభై మంది. తలకు ఎనభై నాలుగు వేలు. "కోటీ యాభై ఒక్క లక్షా ఇరవై వేలు," అంది.

"ఏమిటది?"

"మీకు ఏడాదికి తగ్గేది సార్. నలభై రెండు లక్షలు ఇచ్చినారు. మొదటి ఏడాదికే కోటీ తొమ్మిది లక్షలా ఇరవై వేలు మిగిలింది."

భానుచందర్ పెన్ను కింద పెట్టి ఆమెను చూశాడు. ఎగతాళి లేదు.

"మీరు చదువుకోవలసిందమ్మా," అన్నాడు.

ఆమె కిందికి వచ్చి కత్తిని బల్ల మీద పెట్టింది. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఇరవై కత్తులు నడుస్తున్నాయి. బయట రోడ్డు మీద కాయ లారీలు ఐరాల మలుపు దాకా నిలబడి ఉన్నాయి.

"కత్తులు పెట్టండి," అంది.

రూపశ్రీ తల ఎత్తలేదు. "పెడితే పది వేలు తిరిగియ్యమంటారక్కా. నేను ఫోను కొనేసినా."

"పేర్లు తీసిందెవురు? నువ్వే కదా," అంది ఇంకొకామె.

"మనం," అంది లోకేశ్వరి.

"మనం చెప్పినాం. రాసింది నువ్వు."

మధ్యాహ్నం దాకా ఆమె కత్తి బల్ల మీద ఉంది. ఆమె వాటా కాయలు ఆమె ముందర గుట్టగా పెరిగాయి. ఎన్ని కాయలో చూడగానే తెలిసింది. తర్వాత కత్తి తీసుకుంది. ఇప్పుడు తలకు ఎనభై ఆరు క్రేట్లు. మొదటి బస్సు పోయేది, రెండోది కూడా పోయేది. అందుకు ఎవరినీ అనడానికి లేదు. పీట లోపల లేదు.

పీట బయట ఉంది. అక్కమ్మ రోజూ వచ్చి గోడ పక్కన కూర్చునేది. శనివారం మేస్త్రీ డబ్బు తెచ్చాక గుంపు గేటు బయటే పంచుకుంటుంది కాబట్టి ఆమెకు అంతా కనపడేది. ఆ శనివారం వచ్చింది యాభై రెండు వేల తొమ్మిది వందల ఇరవై. లోకేశ్వరి కాగితం మీద భాగించి అంకె వేసింది. రెండు వేల నాలుగు వందల ఐదు. రూపశ్రీ కొత్త ఫోనులో నొక్కి చూసింది.

"అక్కా, ఇరవై రెండుతో భాగించినావ్. ఇరవై ఒకటి కదా మనం."

"ఇరవై రెండు. ఒట్టేసినారు."

మునిరత్నం గోడ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "ఒట్టు తప్పేది లేదు లోకేశ్వరీ. కూర్చున్న భాగం మీద నేను మాట్లాడతాండానా? అది లోపల కూర్చున్నోళ్ళకి. రోడ్డు మీద కూర్చున్నోళ్ళకి భాగం యాడిది? రోడ్డు మీద శానా మంది కూర్చోనుంటారు."

ఒకరిద్దరు నవ్వారు. ఎనభై ఆరు క్రేట్లు కోసిన చేతులు డబ్బు కోసం చాచి ఉన్నాయి. లోకేశ్వరి బొటనవేలు తడి చేసుకుని అంకెను రుద్దింది. రెండు వేల ఐదు వందల ఇరవై అని వేసింది. తలకు నూట పదిహేను రూపాయలు పెరిగింది. ఎవరి భాగం వాళ్ళు తీసుకుని బస్సుకు పరిగెత్తారు.

ఆమె తన దాంట్లో సగం లెక్కపెట్టి గోడ దగ్గరికి పోయింది.

"నీ భాగం పెద్దమ్మా."

"అందరూ ఇచ్చినారా?"

"అందరూ."

అక్కమ్మ రెండు వేళ్ళతో నోట్లు తిరగేసింది. పన్నెండు వందల అరవై. మళ్ళీ ఒకసారి తిరగేసింది.

"ఇరవై రెండుతో భాగిస్తే ఇది రాదే లోకా."

అక్కమ్మ నోట్లను మడిచి ఆమె కొంగులో పెట్టి, ముడి కూడా తానే వేసింది. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. సోమవారం ఆమె రాలేదు. పీట గోడ పక్కనే ఉండిపోయింది. నెల తర్వాత సెక్యూరిటీ మనిషి దాన్ని గేటు లోపలికి తెచ్చుకున్నాడు. పనస చెక్క, చల్లగా ఉంటుందని చెబుతాడు.

ఈ ఏడాది జూలైలో బోండాల కిందికి కొత్త పుస్తకం వచ్చింది. రూపశ్రీ కాగితం తుడిచి చూసి, చదవనా వద్దా అన్నట్టు లోకేశ్వరి వైపు చూసింది.

"చదువు," అన్నాడు మునిరత్నం.

"ఐదు కోట్ల నాలుగు లక్షలు. ఖర్చులు తగ్గించినందుకు పెంచినారంట."

"ముప్పావలా అక్కా, ఇప్పుడు ఎంతమంది ఆయప్ప?"

లోకేశ్వరి బోండా తుంచింది. చెప్పకూడదనుకుంది. అనుకుంటుండగానే లెక్క అయిపోయింది.

"ఆరు వందలు."

"మన ఫ్యాక్టరీలో ఉన్నంత మందే," అన్నాడు మునిరత్నం.

"ఉన్నంత కాదు మేస్త్రీ. ఉండినంత."

మరునాడు ఆదివారం. ఐరాలలో చింతపండు గింజ తీసే కొట్టంలో అక్కమ్మ నేల మీద కూర్చుని ఉంది. కిలోకు తొమ్మిది రూపాయలు. తక్కిన ఆడవాళ్ళు రోజుకు పదిహేను కిలోలు తీస్తారు. అక్కమ్మ రెండు వేళ్ళతో మూడు కిలోలు తీస్తుంది. ఇరవై ఏడు రూపాయలు.

లోకేశ్వరి పక్కన కూర్చుంది. తట్టలోంచి ఒక చింతపండు తీసుకుని గింజ తీసి, పండును అక్కమ్మ కుప్ప మీద వేసింది. ఇంకొకటి తీసి వేసింది. అక్కమ్మ తల తిప్పలేదు. కొంతసేపటికి తన కుప్ప వైపు చూసింది. రెండు వేళ్ళతో పైన పడినవాటిని ఒక్కొక్కటే ఏరి, పెదవులు కదుపుతూ ఎంచి, పక్కకు నెట్టింది. ఒక్కటీ పొరపాటు పోలేదు.

"నీది వేరే పెట్టుకో," అంది.